పన్ను గొడవ యుద్ధం దాకా ఎలా వెళ్లింది? అమెరికా స్వాతంత్ర్యానికి ముందు పదకొండేళ్లు

2026 జూలై 4కి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 250 ఏళ్లు. ఆ సందర్భంలో అక్కడున్న మనవాళ్ల పోస్టుల్లోనూ, ఇక్కడి పోటీ పరీక్షల నోట్సుల్లోనూ ఒకటే కథ కనిపిస్తుంది. బ్రిటన్ టీ మీద పన్ను వేసింది, బోస్టన్ జనం టీ పెట్టెల్ని సముద్రంలో పారేశారు, యుద్ధం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది. ఇందులో ఏ ఒక్క ముక్కా అబద్ధం కాదు గానీ అన్నీ ఇలా వరసగా పేర్చేసరికి అసలు విషయం జారిపోతోంది. టీ పారేసిన ఏడాది బ్రిటన్ తెచ్చిన చట్టం వల్ల టీ చౌక అవుతుంది, ఖరీదు అవ్వదు. టీ పారేశాక స్వాతంత్ర్యం ప్రకటించడానికి ఇంకా రెండున్నరేళ్లు పట్టింది. తుపాకులు పేలి మనుషులు చచ్చిపోయాక కూడా "మేం రాజుగారికి విధేయులమే" అంటూ అర్జీ పెట్టుకున్నారు, విడిపోతామని చెప్పడానికి ఏడాదికి పైగా పట్టింది.

మరి మధ్యలో ఏం జరిగింది? నాకు అర్థమైనంతలో చెప్పాలంటే, ఆ పదకొండేళ్లలో పన్ను పెద్దగా పెరగలేదు, ప్రశ్న పెరిగింది. "ఈ పన్ను వేయొచ్చా" అని మొదలైంది "మమ్మల్ని ఎవరు పాలించాలి" దాకా వెళ్లింది, అక్కడి నుంచి "అసలు వీళ్లతో కలిసి ఉండాలా" దాకా.

కాలనీ అంటే మనకు తెలిసిన బ్రిటిష్ ఇండియా లాంటిది కాదు

కాలనీ అనగానే మన మనసులోకి వచ్చేది బయటివాడు వచ్చి స్థానికుల్ని పాలించడం. అమెరికాలో గొడవపడిన వలసవాసులు మాత్రం చాలావరకు బ్రిటన్ నుంచీ, యూరప్ నుంచీ వెళ్లి, అక్కడి ఆదివాసుల నేల మీద స్థిరపడ్డవాళ్ల సంతానం. తమని తాము బ్రిటిష్ వాళ్లుగానే లెక్కేసుకునేవాళ్లు, ఆ హక్కులన్నీ తమకూ ఉన్నాయని నమ్మేవాళ్లు. అట్లాంటిక్ తీరం పొడవునా 13 కాలనీలు, 1770 నాటికి అందరూ కలిపి సుమారు 20 లక్షల జనం. అందులో ఐదింట ఒక వంతు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వాళ్ల పిల్లలూ.

ప్రతి కాలనీకీ ఎన్నికైన అసెంబ్లీ ఉండేది. ఓటు ఆస్తి ఉన్న మగవాళ్లకే అయినా, ఇంగ్లండ్‌తో పోలిస్తే కాలనీల్లో భూమి చాలామందికి ఉండేది కాబట్టి ఓటర్లూ ఎక్కువే. గవర్నర్‌ని చాలా కాలనీల్లో రాజు నియమించేవాడు, కానీ ఆ గవర్నర్ జీతం తరచుగా అసెంబ్లీ చేతిలో ఉండేది. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత గొడవంతా దీని చుట్టూ తిరుగుతుంది. స్థానిక పన్నులు అసెంబ్లీ వేసుకునేది. సముద్ర వ్యాపారానికి నియమాలు లండన్‌లోని పార్లమెంటు పెట్టేది. ఈ పంపకం ఎక్కడా కాగితం మీద రాసుకోలేదు, అలవాటుగా నడిచిపోయింది. అలవాటు మీద నడిచేది ఏదైనా డబ్బు దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది.

గెలిచిన యుద్ధం మిగిల్చిన అప్పు

1763లో బ్రిటన్ ఫ్రాన్స్ మీద ఏడేళ్ల యుద్ధం గెలిచింది. కెనడా చేతికొచ్చింది. దానితోపాటే అప్పు దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌండ్ల దగ్గరికి చేరింది. కొత్త సరిహద్దులు కాపలా కాయడానికి అమెరికాలో దాదాపు 10,000 మంది సైనికుల్ని ఉంచాలనుకున్నారు. అదే ఏడాది ఆదివాసులతో ఘర్షణలు తగ్గించడానికి అపలాచియన్ కొండల పడమర వలసవాసులెవరూ స్థిరపడకూడదని రాజు ప్రకటన చేశాడు. ఆ భూముల మీద ఆశ పెట్టుకున్నవాళ్లకి, జార్జ్ వాషింగ్టన్‌తో సహా, అది మింగుడుపడలేదు.

లండన్ వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. యుద్ధం కొంతవరకైనా మీ రక్షణ కోసమే జరిగింది, ఇంగ్లండ్‌లో ఉన్నవాడు మీకంటే ఎన్నో రెట్లు పన్ను కడుతున్నాడు, 1763లో యాపిల్ సారా మీద పన్ను వేస్తే అక్కడ అల్లర్లు కూడా అయ్యాయి, కనీసం మీ దగ్గరున్న సైన్యం ఖర్చులో కొంతైనా మీరు భరించండి. ఈ మాట చెప్పినవాళ్లని దుర్మార్గులుగా చూపిస్తే చరిత్ర అర్థం కాదు.

మొదటి అడుగు 1764లో చక్కెర చట్టం. రమ్ము కాచడానికి వాడే మొలాసిస్ (చెరకు మడ్డి) మీద సుంకాన్ని గ్యాలన్‌కు 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు తగ్గించారు. తగ్గించారు, అయినా గొడవ ఎందుకైంది? లెక్క వేసి చూద్దాం. 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు. ఫ్రెంచి దీవుల నుంచి 100 గ్యాలన్లు తెచ్చిన వ్యాపారి పాత రేటు ప్రకారం 50 షిల్లింగులు కట్టాలి. కానీ ఎవరూ కట్టేవాళ్లు కాదు, కస్టమ్స్ మనిషి చేతిలో కొంత పెడితే సరుకు దిగిపోయేది. కొత్త చట్టంలో కట్టాల్సింది 25 షిల్లింగులే, కాకపోతే ఈసారి నిజంగా వసూలు చేస్తారు. పట్టుబడితే జ్యూరీ లేని నౌకా న్యాయస్థానంలో విచారణ. అంటే రేటు సగమైంది, జేబులోంచి పోయేది పెరిగింది, సాటి ఊరివాళ్లు జ్యూరీలో కూర్చుని కాపాడే దారీ మూసుకుపోయింది.

స్టాంపు చట్టం: ప్రాతినిధ్యం అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది

మనకు స్టాంపు పేపరు కొత్త కాదు, స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్లిన ప్రతివాళ్లకీ తెలుసు. 1765 మార్చిలో పార్లమెంటు ఆమోదించి నవంబరు 1 నుంచి అమలు చేయాలనుకున్నది అలాంటిదే. కోర్టు కాగితం, భూమి పత్రం, వార్తాపత్రిక, కరపత్రం, సారా దుకాణం లైసెన్సు, అన్నీ ముద్ర వేసిన కాగితం మీదే ఉండాలి. కాలేజీ పట్టాకు 2 పౌండ్లు, పేకముక్కల కట్టకు ఒక షిల్లింగ్, పాచికల జతకు 10 షిల్లింగులు. పైగా బ్రిటిష్ స్టెర్లింగ్‌లోనే కట్టాలి, కాలనీల్లో అసలు దొరకనిదే అది. ఈ పన్ను ఎక్కువగా తగిలింది లాయర్లకి, పత్రికలు అచ్చేసేవాళ్లకి, వ్యాపారులకి, సారా కొట్ల వాళ్లకి, అంటే ఊళ్లో నలుగురినీ కదిలించగలిగిన వాళ్లందరికీ ఒకేసారి.

అప్పటిదాకా ఓడరేవులో సుంకం కట్టడం వేరు, వ్యాపారాన్ని నియంత్రించడానికి అని సర్దుకున్నారు. ఇది మాత్రం ఊరి లోపల, ఆదాయం కోసమే వేసిన పన్ను. "మేం ఎన్నుకోని సభ మా డబ్బు ఎలా తీసుకుంటుంది" అనే ప్రశ్న ఇక్కడ పుట్టింది. వర్జీనియా అసెంబ్లీలో పాట్రిక్ హెన్రీ అనే సభ్యుడు ఈ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానాలు పెట్టాడు. అక్టోబరులో తొమ్మిది కాలనీల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూర్చుని, రాజు పట్ల విధేయత ప్రకటిస్తూనే, పన్ను వేసే హక్కు మా అసెంబ్లీలకే ఉందన్నారు.

లండన్ సమాధానం కూడా బలమైనదే. మాంచెస్టర్‌కి, బర్మింగ్‌హామ్‌కి పార్లమెంటులో ఒక్క సీటూ లేదు, అయినా వాళ్లు పన్ను కడుతున్నారు కదా. ప్రతి సభ్యుడూ తనకు ఓటేసిన ఊరికే కాక బ్రిటిష్ ప్రజలందరికీ ప్రతినిధే, ఓటు లేకపోయినా మీరు అందులో ఉన్నట్టే. దీన్ని పరోక్ష ప్రాతినిధ్యం అనుకోవచ్చు.

దీనికి మేరీల్యాండ్ లాయరు డేనియల్ డులానీ ఇచ్చిన జవాబు నాకు ఆ పదకొండేళ్ల వాదనలన్నిటిలోకీ పదునైనదిగా అనిపిస్తుంది. మాంచెస్టర్ మీద భారం వేసే పార్లమెంటు సభ్యుడు ఇంగ్లండ్‌లోనే ఉంటాడు, ఆ భారం అతనిమీదా, అతని ఓటర్లమీదా కూడా పడుతుంది కాబట్టి అతనికి ఒక అదుపు ఉంటుంది. అమెరికా మీద వేసే పన్ను అతను పైసా కట్టడు, పైగా అది ఎంత పెరిగితే అతని సొంత పన్ను అంత తగ్గే అవకాశం ఉంది. అలాంటివాడు నాకు ప్రతినిధి ఎలా అవుతాడు?

అలాగని కాలనీలు పార్లమెంటులో సీట్లు కోరలేదు, చాలామంది పొరపడేది ఇక్కడే. వారాల తరబడి ఓడ ప్రయాణం చేసి వెళ్లి కూర్చున్నా పదిమందో ఇరవైమందో ఉంటారు, ప్రతి ఓటింగులోనూ ఓడిపోతారు. ఆ దూరం నుంచి తమకు అక్కడ ప్రాతినిధ్యం సాధ్యమే కాదని న్యూయార్క్ సమావేశం స్పష్టంగానే రాసింది.

వీధుల్లో గొడవ వేరే తీరున నడిచింది. 1765 ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపులు పంచాల్సిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీసి, సాయంత్రానికి ఊరేగించి కాల్చారు. ఆయన రాజీనామా చేస్తానన్నాడు. పన్నెండు రోజులకి లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటి మీద పడి తలుపులు, గోడల చెక్కలు పీకేసి, ఏళ్లుగా సేకరించిన రాతప్రతుల్ని వీధిలో చల్లారు. హచిన్సన్ నిజానికి ఆ చట్టం మంచిది కాదని లోలోపల లండన్‌కి చెప్పినవాడు. ఉద్యమం అనేసరికి ఇలాంటివి దాచేస్తుంటారు, దాచకూడదు. నవంబరు 1 వచ్చేసరికి దాదాపు ఎక్కడా స్టాంపులు అమ్మే మనిషి మిగల్లేదు. బ్రిటిష్ సరుకుల బహిష్కరణతో దెబ్బతిన్న లండన్ వ్యాపారులే చట్టం ఎత్తేయమని అడిగారు. 1766 మార్చి 18న ఎత్తేశారు.

అదే రోజు ఇంకో చట్టం కూడా చేశారు. కాలనీల మీద "ఏ విషయంలోనైనా సరే" చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు ఉందని ప్రకటిస్తూ. కాలనీల్లో దీపాలు పెట్టుకుని పండగ చేసుకున్నారు, ఆ రెండో కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కాలనీల వాళ్లు పన్ను పోయింది కాబట్టి తమ సూత్రం గెలిచిందనుకున్నారు, లండన్ వాళ్లు పన్ను పోయినా అధికారం మిగిలిందనుకున్నారు. ఇద్దరూ తృప్తిగా ఇంటికెళ్లారు, తగాదా మాత్రం అలాగే ఉండిపోయింది.

జీతం ఎవరిస్తే మాట వాళ్లది

1767లో చార్లెస్ టౌన్షెండ్ అనే ఆర్థికమంత్రి గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద దిగుమతి సుంకాలు వేశాడు. కాలనీలు ఊరిలోపల పన్నుకే కదా అడ్డుపడ్డాయి, ఇది రేవులో సుంకం కాబట్టి ఒప్పుకుంటాయని లెక్క. ఆ డబ్బు దేనికి వాడతారన్నది చూస్తే గొడవ ఎక్కడుందో తెలుస్తుంది. గవర్నర్లకీ జడ్జీలకీ జీతాలివ్వడానికి. ఇప్పటిదాకా గవర్నర్ మరీ హద్దు మీరితే అసెంబ్లీ జీతం ఆపగలిగేది, ఇక ఆపలేదు. పన్ను మొత్తం చిన్నదే, దానితో పోయే పట్టు చాలా పెద్దది.

మళ్లీ బహిష్కరణ మొదలైంది. ఈసారి ఆడవాళ్లు ముందుకొచ్చి ఊరుమ్మడిగా రాట్నాలు వడికి ఇంటి బట్ట నేశారు. బోస్టన్‌లో కస్టమ్స్ అధికారుల్ని జనం తరిమికొడితే 1768 అక్టోబరులో సైన్యం దిగింది. పదిహేను వేల పైచిలుకు జనం ఉన్న ఊళ్లో సైనికులు కాపలా తిరగడం, డ్యూటీ లేనప్పుడు తక్కువ కూలికి పనులకు వెళ్లి అక్కడి కూలీల పొట్ట కొట్టడం, రోజూ ఏదో ఒక టెన్షన్. 1770 మార్చి 5 రాత్రి జనం మంచుగడ్డలు విసురుతుంటే సైనికులు కాల్చారు, ఐదుగురు పోయారు, వాళ్లలో క్రిస్పస్ అటక్స్ అనే నల్లజాతి, ఆదివాసీ మూలాలున్న నావికుడు ఒకడు. ఆ సైనికుల తరఫున కోర్టులో వాదించింది తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. ఎక్కువమంది నిర్దోషులుగా బయటపడ్డారు, ఇద్దరికి మాత్రం చిన్న శిక్ష పడింది.

సరిగ్గా అదే మార్చి 5న లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్ ఆ సుంకాల్లో టీ తప్ప మిగతావన్నీ ఎత్తేయాలని సభలో ప్రతిపాదించాడు. ఆ సముద్రం అటొకరు ఇటొకరు ఉన్నప్పుడు కబుర్లు దాటుకుంటూ పోవడం ఈ కథలో పదేపదే జరుగుతుంది. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు నెమ్మదిగా గడిచాయి. దిగుమతులు మళ్లీ పెరిగాయి. అప్పుడు బతికున్నవాళ్లలో చాలామంది గొడవ ముగిసిందనే అనుకున్నారు.

చౌక టీ మీద కోపం ఎందుకు

ఇప్పుడు కథలోకి వచ్చేది మనకు బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీ. 1765లో బెంగాల్ దివానీ (పన్ను వసూలు హక్కు), 1766లో నిజాం అలీఖాన్‌తో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు, అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణా తీరం దాకా ఉన్న జిల్లాలు, చేజిక్కించుకున్న కంపెనీ ఇదే. గుంటూరు మాత్రం 1788 దాకా చేతికి రాలేదు. ఇంత దొరికినా 1772కల్లా అది దివాలా అంచుకొచ్చింది. సైన్యం ఖర్చులు, వాటాదార్లకు పంచిన లాభాలు, 1770 నాటి ఘోరమైన బెంగాల్ కరువు, అన్నీ కలిశాయి. లండన్ గోదాముల్లో 1.7 కోట్ల పౌండ్ల బరువున్న టీ అమ్ముడుపోకుండా పడి ఉంది.

1773 టీ చట్టం ఉద్దేశం కంపెనీని బతికించడం. అంతకుముందు టీ లండన్‌లో వేలం వేస్తే, అక్కడి వ్యాపారి కొని, అమెరికా వ్యాపారికి అమ్మితే, అతను దుకాణాలకు ఇచ్చేవాడు. ఇప్పుడు కంపెనీ బ్రిటన్‌లో కట్టిన సుంకం వెనక్కి పొందుతుంది, మధ్యవర్తుల్ని తీసేసి తన సొంత ఏజెంట్ల ద్వారా నేరుగా అమెరికాలో అమ్ముకుంటుంది. అమెరికాలో పౌండు బరువుకు 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంటుంది. అది కట్టినా ఈ టీ, డచ్చివాళ్ల నుంచి దొంగచాటుగా వచ్చే టీతో ధరలో పోటీ పడగలదు.

కొనేవాడికి లాభమే కదా మరి. కానీ మామూలు వ్యాపారికి టీ వ్యాపారం పోయింది, రేపు కంపెనీ ఇదే పద్ధతిలో బట్టలో మసాలాలో అమ్మితే ఏం చేయాలన్న భయం. స్మగ్లర్లకు గిరాకీ పోయింది, వాళ్లలో ఊళ్లో పేరున్నవాళ్లూ ఉన్నారు, ఇది కప్పిపుచ్చాల్సిన పని లేదు. ఇక మిగతావాళ్లకి అసలు ప్రమాదం ఆ చౌకదనంలోనే కనిపించింది. చౌకగా ఉందని కొంటారు, కొన్నప్పుడల్లా 3 పెన్నీలు కడతారు, కట్టేకొద్దీ పార్లమెంటుకు ఆ హక్కు ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ రాసిన కరపత్రం బెంగాల్ కరువును ఎత్తి చూపింది. ఆసియాలో అలా చేసిన కంపెనీ ఇప్పుడు మన మీదికి వస్తోందని. వేల మైళ్ల దూరంలో మనవాళ్లు అనుభవించింది అక్కడ వాదనగా వాడుకున్నారన్నది మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన విషయం.

ఫిలడెల్ఫియా, న్యూయార్క్ టీ ఓడల్ని వెనక్కి పంపేశాయి. చార్లెస్టన్‌లో టీని దింపి గోదాములో పెట్టి తాళం వేశారు. బోస్టన్‌లోనే ఎందుకు పారబోశారు? అక్కడ గవర్నర్ ఇప్పుడు హచిన్సన్, ఆయన కొడుకులిద్దరు టీ ఏజెంట్లు. ఓడ రేవులోకి వచ్చి 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు జప్తు చేసుకోవచ్చు. సుంకం కట్టకుండా ఓడ తిరిగి వెళ్లడానికి గవర్నర్ అనుమతి ఇవ్వనన్నాడు. మొదటి ఓడ డార్ట్‌మత్‌కి గడువు డిసెంబరు 17తో అయిపోతుంది. 16న వేలమంది సభ పెట్టుకుని, ఓడ యజమానిని చివరిసారిగా గవర్నర్ దగ్గరికి పంపారు. చీకటిపడ్డాక అతను ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రాత్రి మొహాక్ ఆదివాసుల్లా మొహానికి మసి పూసుకున్నవాళ్లు మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టి, సుమారు 42 టన్నుల టీ రేవులో పోశారు. నీళ్లు బాగా తగ్గి ఉండటంతో టీ ఓడ పక్కనే గుట్టలుగా పేరుకుంది. కంపెనీ నష్టం 9,659 పౌండ్లు.

కాలనీల్లో అందరూ చప్పట్లు కొట్టలేదు. టీ ధ్వంసం చేయడం వాషింగ్టన్‌కి నచ్చలేదు. లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ కంపెనీకి నష్టపరిహారం ఇవ్వాలన్నాడు. బ్రిటన్ ఇక్కడ ఆగి, చేసినవాళ్ల మీద కేసు పెట్టి, డబ్బు అడిగి ఉంటే బోస్టన్ ఒంటరి అయ్యేదేమో.

అసలు మలుపు 1774

లండన్ ఊరు మొత్తాన్ని శిక్షించింది. టీ డబ్బు కట్టేదాకా బోస్టన్ రేవు మూసేసింది. దాంతో ఆగకుండా, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ కాలనీ చార్టర్‌నే, అంటే ఆ కాలనీ ఎలా నడవాలో చెప్పే రాజపత్రాన్నే మార్చేసింది. ఎగువ సభ సభ్యుల్ని ఇక ఎన్నుకోరు, రాజు నియమిస్తాడు. గవర్నర్ అనుమతి లేకుండా ఊరి సభ ఏడాదికి ఒక్కసారే. జ్యూరీని షెరీఫ్ ఎంచుతాడు. సైనికాధికారి థామస్ గేజ్ గవర్నర్‌గా వచ్చాడు.

నా అంచనాలో పన్ను గొడవ ఇక్కడితో అయిపోయి వేరే గొడవ మొదలైంది. టీ ఎప్పుడూ తాగని, స్టాంపు కాగితం ఎప్పుడూ కొనని రైతుకు కూడా ఊరి సభ తెలుసు, అక్కడ చెయ్యెత్తి మాట్లాడటం తెలుసు. అది తీసేస్తే ఇంటి గడప దాటి లోపలికి వచ్చినట్టే. మిగతా కాలనీలకు కూడా ఒకటి తెలిసొచ్చింది. పార్లమెంటు ఒక చార్టర్‌ని మార్చగలిగితే అన్నిటినీ మార్చగలదు.

1774 సెప్టెంబరు 6న వూస్టర్ అనే ఊళ్లో జరిగింది చూస్తే ఆ తేడా తెలుస్తుంది. కొత్త చట్టం కింద జిల్లా కోర్టు ఆ రోజు మొదలవ్వాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చి (అక్కడున్న ఒకరు లెక్కపెట్టి రాసుకున్నారు) ముఖ్యవీధికి రెండువైపులా వరసలు కట్టి నిలబడ్డారు. జడ్జీలు, కోర్టు అధికారులు టోపీలు చేతిలో పట్టుకుని ఆ వరసల మధ్య నడుస్తూ, వెనకున్నవాళ్లకీ వినపడేలా మళ్లీ మళ్లీ రాజీనామా చదవాల్సొచ్చింది. ఒక్క తూటా పేలలేదు. ఆ శరదృతువుకల్లా బోస్టన్ బయట మసాచుసెట్స్‌లో బ్రిటిష్ పాలన ఆచరణలో లేకుండా పోయింది. అందుకే విప్లవం, యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ కాల్పులకు ముందే జరిగిపోయిందనే చరిత్రకారులు ఉన్నారు, వాళ్ల మాటలో బలముంది.

సెప్టెంబరులోనే జార్జియా తప్ప 12 కాలనీల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కలిశారు. ఇదే మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్. జోసెఫ్ గాలోవే అనే ప్రతినిధి, కాలనీలన్నిటికీ కలిపి ఒక అమెరికన్ సభ, అదీ లండన్ పార్లమెంటూ రెండూ ఒప్పుకుంటేనే చట్టం అనే పథకం పెట్టాడు. ఒక్క కాలనీ ఓటు తేడాతో దాన్ని పక్కన పెట్టారు. గాలోవే తర్వాత రాజు పక్షానికి వెళ్లిపోయాడు. కాంగ్రెస్ బ్రిటిష్ సరుకుల బహిష్కరణకు పిలుపిచ్చి, అమలు చూసుకోవడానికి ప్రతి ఊళ్లో కమిటీ వేయమంది. ఈ కమిటీలే రేపటి ప్రభుత్వాలు. ఎవరేం కొంటున్నారో చూసేవి, మాట విననివాళ్ల పేర్లు పత్రికలో వేసేవి. ఎదురు తిరిగినవాళ్లలో కొందరికి ఒంటికి తారు పూసి ఈకలు అద్దిన అవమానాలు జరిగాయి. రాజు పక్షంవాళ్లు, స్వేచ్ఛ పేరుతో మా నోరు నొక్కుతున్నారని రాసుకున్నారు, అందులో వాస్తవం ఉంది.

అటువైపు రాజు జార్జ్ III నవంబరులోనే నార్త్‌కి రాశాడు, వాళ్లు ఈ దేశానికి లోబడి ఉంటారో స్వతంత్రులౌతారో ఇక దెబ్బలే తేల్చాలని. కాంగ్రెస్ ఆ మాట ఎత్తడానికి ఏడాదిన్నర ముందు.

తుపాకులు పేలాక కూడా పద్నాలుగు నెలలు

1775 ఏప్రిల్ 19న కాంకర్డ్‌లో దాచిన ఆయుధాలు పట్టుకోవడానికి గేజ్ సుమారు 700 మందిని పంపాడు. దారిలో లెక్సింగ్టన్ మైదానంలో ఎదురైన కాలనీ మిలీషియా (ఊరివాళ్లతో ఏర్పడ్డ దళం) మీద కాల్పులు జరిగి ఎనిమిదిమంది పోయారు. ముందు కాల్చింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. తిరుగుదారిలో గోడల వెనక నుంచి, చెట్ల వెనక నుంచి రైతులు కాల్చారు. సాయంత్రానికి బ్రిటిష్ వైపు 73 మంది, కాలనీల వైపు 49 మంది చనిపోయారు. జూన్‌లో వాషింగ్టన్ కాలనీల సైన్యానికి సేనాని అయ్యాడు.

ఇంత జరిగినా జూలైలో కాంగ్రెస్ రాజుకు సంధి అర్జీ పంపింది. తప్పు పార్లమెంటుది, మంత్రులది, రాజుకు తెలిస్తే సరిదిద్దుతాడన్న నమ్మకం చాలామందిలో నిజంగా ఉంది. రాజు ఆ అర్జీ తీసుకోనే లేదు, ఆగస్టు 23న కాలనీలు తిరుగుబాటు చేస్తున్నాయని ప్రకటించాడు. డిసెంబరులో పార్లమెంటు కాలనీల ఓడలన్నిటినీ శత్రువు ఓడలుగా పట్టుకోవచ్చని చట్టం చేసింది. రాజు జర్మన్ సంస్థానాల నుంచి వేలమంది కిరాయి సైనికుల్ని మాట్లాడాడు. విధేయులుగా ఉంటామంటున్నవాళ్లని తండ్రిలాంటి రాజే పరాయి సైన్యంతో కొట్టించబోతున్నాడన్నది జనాన్ని బాగా గాయపరిచింది.

దక్షిణాదిలో మరో కారణం తోడైంది. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు తరఫున పోరాడితే స్వేచ్ఛ ఇస్తానన్నాడు. వందలమంది ప్రాణాలకు తెగించి పారిపోయి చేరారు. బానిసల యజమానులు అదే దెబ్బకు రాజుకు దూరమయ్యారు. స్వేచ్ఛ అన్న ఒకే మాట కోసం ఆ ఏడాది వర్జీనియాలో రెండు రకాల మనుషులు రెండు వైపులకు నడిచారు, ఈ సంగతి లేకుండా ఆ విప్లవం గురించి మాట్లాడటం నాకు సగం మాటే.

1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రం "కామన్ సెన్స్" వచ్చింది. అప్పటిదాకా ఎవరూ గట్టిగా అనని మాట అందులో ఉంది, లోపం ఈ మంత్రిలోనో ఆ చట్టంలోనో లేదు, వంశపారంపర్యంగా రాజు ఉండటంలోనే ఉందని. ఇంకో లెక్క కూడా ఉంది. బ్రిటన్‌తో తలపడాలంటే ఫ్రాన్స్ సాయం కావాలి, ఇంట్లో తగాదా తీరగానే మళ్లీ రాజు ప్రజలైపోయేవాళ్లకి ఫ్రాన్స్ ఎందుకు సాయం చేస్తుంది? ఏప్రిల్ నుంచి జూలై మధ్య ఊళ్లు, జిల్లాలు, కాలనీలు స్వాతంత్ర్యం కావాలని తీర్మానాలు చేశాయి. జూలై 2న 12 కాలనీలు ఓటేశాయి, న్యూయార్క్ ఓటు వేయలేదు. జూలై 4న ప్రకటన పాఠం ఆమోదించారు.

మరి కారణం పన్నా, సూత్రమా, స్వార్థమా

చరిత్రకారులు ఈ మూడు చోట్లా నిలబడ్డారు. అధికారం ఎప్పుడూ స్వేచ్ఛను మింగేస్తుందన్న భయం కాలనీల వాళ్ల చదువులోనే ఉందనీ, ఒక్కో చట్టం ఆ భయానికి రుజువులా కనిపించిందనీ కొందరంటారు. వ్యాపారుల అప్పులు, స్మగ్లింగ్ లాభాలు, పడమటి భూములు, బానిసల ఆస్తి, వీటిని చూడమని ఇంకొందరంటారు. పైవాళ్ల కథ వదిలేసి రేవు కూలీలు, చిన్న రైతులు, నావికులు ఏం కోరుకున్నారో చూడమనేవాళ్లు ఉన్నారు. ఆదివాసులవైపు నుంచి చూస్తే, పడమటి భూములకు హద్దు గీసిన రాజు పోయి, ఆ హద్దు ఒప్పుకోనివాళ్లు వచ్చారు. నాకు ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకునే వాదనలుగా కనిపించవు. స్వార్థం ఎవరెప్పుడు వీధిలోకి వచ్చారో చెబుతుంది, సూత్రం అంత వేర్వేరు స్వార్థాలు ఒకే వాక్యం కింద ఎలా సంతకం చేశాయో చెబుతుంది.

ప్రకటన పాఠమే ఒక సాక్ష్యం. అందులో రాజు మీద 27 ఫిర్యాదులు ఉన్నాయి. మా సమ్మతి లేకుండా పన్నులు వేశాడన్నది వాటిలో ఒక్క వాక్యం, వరసలో 17వది. మిగతావి అసెంబ్లీల రద్దు, జడ్జీల జీతాలు, ఊళ్లో సైన్యం, చార్టర్ల రద్దు, కిరాయి సైన్యం. మరి చట్టాలు చేసింది పార్లమెంటు కదా, ఫిర్యాదులన్నీ రాజు మీద ఎందుకు? ఎందుకంటే 1774 నాటికే పార్లమెంటుకు తమ మీద అధికారం లేదన్నది చాలామంది వాదన. తమని బ్రిటన్‌కి కట్టి ఉంచిన తాడు రాజు ఒక్కడే, తెంచాల్సింది అదొక్కటే. ఆ జాబితాలో పేరు పెట్టకుండా డన్మోర్ పిలుపూ ఉంది, ఆదివాసుల్ని క్రూరులన్న మాటా ఉంది.

1778 మొదట్లో, బ్రిటిష్ సైన్యం సారటోగాలో లొంగిపోయి ఫ్రాన్స్ అమెరికాతో చేతులు కలిపాక, పార్లమెంటు టీ సుంకం ఎత్తేసింది, మసాచుసెట్స్ చార్టర్‌ని మార్చిన చట్టం రద్దు చేసింది, ఆదాయం కోసం కాలనీల మీద ఇక ఎప్పుడూ పన్ను వేయనని కొత్త చట్టం చేసింది. 1765లో అడిగింది మొత్తం, 1774లో అడిగింది కూడా దాదాపు మొత్తం. వాటిని పట్టుకుని రాజు దూతలు ఫిలడెల్ఫియా వచ్చారు. జూన్ 17న కాంగ్రెస్ జవాబిచ్చింది, స్వాతంత్ర్యాన్ని గుర్తించండి, లేదా సైన్యాన్నీ ఓడల్నీ వెనక్కి తీసుకోండి, అప్పుడు మాట్లాడదాం అని. యుద్ధం ఇంకో ఐదేళ్లు సాగి 1783లో పారిస్ ఒప్పందంతో ముగిసింది.